ప్రార్థనల నోటుబుక్కులో మాత గౌను

ఒంటరిగా ప్రార్థించేటప్పుడు మనుషులు ఏమంటారో, వాళ్ల మనసు ఎటు పోతుందో కొలవాలని పట్నం నుంచి ప్రొఫెసర్ మిరేయా మా ఊరికి వచ్చింది. తలా ఒక నోటుబుక్కు ఇచ్చింది. ఏ దేవుణ్ణి వేడుకున్నాం, ఏం అడిగాం, మధ్యలో ఏం తలుచుకున్నాం, రోజుకు మూడు గడులు. "నిజమే రాయండి. పేర్లు బయటపెట్టను" అంది.

నాకు అక్షరాలు వచ్చి రెండేళ్లే. పక్కింటి క్రెసెన్సియాకు అవీ రావు. ఆమెది కూడా నేనే రాసిపెట్టాలి. చిక్కేమిటంటే, ఆ ఏటి పండగకు మాత విగ్రహానికి కొత్త గౌను కుట్టి తొడిగే వంతు మా ఇద్దరికీ కావాలి. చర్చిలో సొరబుర్రలో తలా ఒక గుర్తుపెట్టిన మొక్కజొన్న గింజ వేస్తాం. ఎవరి గింజ చేతికొస్తే వంతు వాళ్లది. ఆ రోజు చర్చికి రాని మనిషి గింజ లెక్కలోకి రాదు. ఆరేళ్లుగా వేస్తున్నాను, నా గింజ రాలేదు.

"రాయి" అంది క్రెసెన్సియా మొదటి రోజే. "తల్లీ, గింజ తీసే రోజున హెర్లిండాకు జలుబు చెయ్యాలి. పెద్దదేం వద్దు, మంచం దిగకుండా ఉంటే చాలు."

"నా మొహం మీదే అంటున్నావా వదినా?"

"నేను మాతతో అంటున్నానే. నువ్వు పెన్సిలువి, నోరు మూసుకో."

రాశాను. "మధ్యలో ఏం తలుచుకున్నావు?"

"నీకు కషాయం ఎవరు కాస్తారా అని. నేనేగా కాచి చావాలి!"

నా నోటుబుక్కులో మాత్రం రోజూ 'లోకశాంతి' అని రాసుకున్నాను.

జలుబు రాలేదు. కానీ గింజ క్రెసెన్సియాదే వచ్చింది. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను, రెండు వేళ్లతో.

మధ్యాహ్నం ఆమె వచ్చి కూర్చుంది. "ఇవాళ నువ్వేం అడిగావో చదువు."

"లోకశాంతి."

"లోకశాంతి అడిగిన మొహమా అది? నిజం రాయవే, ఆ ప్రొఫెసర్ పిల్ల అంత దూరం నుంచి వచ్చింది."

చెరిపి, రాసి, చదివాను: "క్రెసెన్సియా కుట్టే గౌను చంకల్లో బిగుసుకుపోవాలి."

"ఎవరికే బిగిసేది? మాతకే కదా!"

గబగబా చెరిపి, అంచు ఊడిపోవాలని రాశాను.

"ఊరేగింపు మధ్యలోనా? తల్లి పరువు తీస్తావా?" కడుపు పట్టుకుని నవ్వింది.

మళ్లీ చెరిపాను. పెన్సిలు పక్కన పెట్టాను. "ఆ వంతు నాకు కావాలి వదినా. అంతే" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "అదే రాయి" అంది.

రాద్దామంటే చోటు లేదు. రుద్దీ రుద్దీ ఆ గడికి చిల్లు పడింది. నోటుబుక్కు అలాగే ఇచ్చేశాను. మిరేయా ఆ చిల్లును వెలుగుకు పట్టి చూసింది. తన కాగితం మీద ఏదో అంకె వేసుకుంది.