ఎర్ర ఒకటి

తడిగుడ్డతో అంకెల రేకులు తుడుస్తోంది బోర్డక్క. ఎర్రవి ఎడమ పెట్టెలోకి, నల్లవి కుడి పెట్టెలోకి, పచ్చ సున్నాలు మధ్యలోకి. గోల్ఫు మైదానంలో ఆఖరి గుంతకి వెళ్ళే దారి పక్కన నిలబెట్టిన పెద్ద చెక్కబోర్డు మీద ఆటగాళ్ళ లెక్క వేలాడదీయడం ఆమె ఉద్యోగం. నిచ్చెన ఎక్కీ దిగీ మోకాళ్ళు అరిగిపోయాయి, రేకులు మోసి మోసి ఎడమ భుజం కాస్త వాలింది. ఆ మనిషికి అసలు పేరొకటి ఉందన్న సంగతి జీతాలిచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో!

ఆటలో ఓనమాలు రాకపోయినా ఆ లెక్క మాత్రం ఆమెకి ఇంటిభాష అయిపోయింది. మంచి ఆటగాడు ఏ గుంతలోకి ఎన్ని దెబ్బల్లో బంతి వెయ్యాలో ముందే రాసి ఉంటుంది, దాన్ని పార్ అంటారు. ఒకటి తక్కువలో వేస్తే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్, ఒకటి ఎక్కువైతే బోగీ. మొత్తం మీద పార్ కంటే తక్కువలో ఉన్నవాడికి ఎర్ర అంకె, ఎక్కువలో ఉన్నవాడికి నల్లది, సరిగ్గా సరిపోయినవాడికి పచ్చ సున్నా. తమ్ముణ్ణి నిద్ర లేపడానికి కూడా ఆమెకి ఇదే కొలత. ఒక్క పిలుపుకి లేస్తే పార్, రెండో పిలుపుకైతే బోగీ, ఆపైన మొహాన చెంబుడు నీళ్ళు. మొద్దు వెధవ చాలా రోజులు నీళ్ళతోనే లేచేవాడు.

ఇవాళ పొద్దున ఇంట్లో ఆమె పిలవకముందే లేచి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"బర్డీ కొట్టావేంట్రా!" అంది నవ్వబోతూ.

"నిద్ర పట్టలేదక్కా. మొదటి దెబ్బలు ఫెయిర్‌వేలోనే పడుతున్నాయి, గ్రీన్ మీదికి కూడా వేళకే చేరుతున్నా. తీరా అక్కడికెళ్ళాక పుట్‌లు ఎక్కువైపోతున్నాయి. అన్నీ బాగా చేసి గుమ్మం ముందు బోర్లా పడ్డట్టుంది."

ఫెయిర్‌వే అంటే గుంత వైపు పోయే కత్తిరించిన పచ్చిక దారి, గ్రీన్ అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి, పుట్ అంటే అక్కడ బంతిని మెల్లగా తోసే దెబ్బ. చెయ్యి కాస్త వణికినా గుంత అంచున ఆగిపోతుంది. "ముందు తిను," అంది.

మూడు రోజుల పోటీలో ఇది ఆఖరి రోజు. గెలిచిన ఒక్కడికే పెద్ద ఆటగాళ్ళ జట్టులో చోటు. ఈ సాయంత్రమే బస్సెక్కాలి, ఇక ఊళ్ళ మీదే బతుకు. వాడు నడక నేర్చేనాటికే అమ్మ పోయింది. ఒంటిచేత్తో పెంచింది అక్కే. అడిగినవాళ్ళందరికీ వాడు గెలవాలనే చెప్పింది. ఖాళీ గదిలో ఒక్కతే పడుకోవడం తలచుకుంటే మాత్రం భయమేసింది. ఓడిపోతే బాగుణ్ణన్న మాట నోటిదాకా రానివ్వలేదు గానీ లోపల అది మెసులుతూనే ఉంది.

ఎండ వాలేసరికి గెలిచే వీలున్నవాళ్ళు ఇద్దరే మిగిలారు. ముందు జంటలో గళ్ళటోపీ అతను, వెనక జంటలో తమ్ముడు. ఆఖరి గుంత మొదలయ్యేసరికి ఇద్దరికీ పచ్చ సున్నాలే. గ్రీన్ గట్టు చాటున ఉంటుంది కాబట్టి అక్కడేం జరిగినా గుంత దగ్గర చేతిరేడియోతో నిలబడే రేడియో బాబాయ్ చెప్పాల్సిందే.

చప్పట్లు వినిపించాయి. రేడియో గరగరలాడింది.

"బోర్డక్కా! గళ్ళటోపీ బర్డీ కొట్టాడు. ఎర్ర ఒకటి పెట్టు. అతని ఆట అయిపోయింది."

పెట్టెలోంచి రేకు తీసి, నిచ్చెనెక్కి తగిలించి దిగింది. తలెత్తి చూస్తే నల్ల ఒకటి!

ఇన్నేళ్ళలో ఎన్నడూ రంగు మారలేదు. చెయ్యి తప్పిందో, మనసే చేతిని తప్పించిందో ఆమెకే అంతుపట్టలేదు. దూరంగా ఫెయిర్‌వేలో తమ్ముడు రెండో దెబ్బకి సిద్ధంగా బంతి దగ్గర నిలబడి బోర్డు వైపే చూస్తున్నాడు. ఆఖరిది పార్ అయిదు గుంత. గ్రీన్ ముందు నీటిమడుగు. గళ్ళటోపీ బోగీ చేశాడనుకుంటే వాడు తెగించడు. మడుగుకి ఇవతలే భద్రంగా వేసి పార్‌తో ముగిస్తాడు, ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోతాడు. రాత్రికి ఇంటికొస్తాడు. పొరపాటన్నాక ఎవరికైనా జరుగుతుంది, తనని పల్లెత్తు మాట అనేవాళ్ళుండరు.

వాడు సంచీలోంచి దగ్గర దెబ్బకి వాడే చిన్న కర్ర తీశాడు.

ఆమె నిచ్చెన మెట్టు మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసింది. వాడు గడ్డి మీద కాలు సరిచేసుకుని, కర్ర పట్టు చూసుకున్నాడు.

"ఒరేయ్, ఆగరా!" అని అరిచింది. గాలికి ఆ అరుపు ఎటు పోయిందో! ఎర్ర రేకు లాక్కుని, మోకాళ్ళు మొర్రోమంటున్నా నిచ్చెన ఎగబాకింది. నల్లదాన్ని పీకి కింద పారేసింది. కొక్కేనికి ఎర్రది ఒక పట్టాన తగల్లేదు. తగిలాక వెనక్కి తిరిగి చూసే ధైర్యం చాల్లేదు.

కాసేపటికి తిరిగింది. చిన్న కర్ర సంచీలోకి పోయింది, పొడుగు కర్ర పైకి లేచింది. బంతి మడుగు దాటి గట్టు వెనక మాయమైంది. నీళ్ళ చప్పుడు రాలేదు. ఆమె నిచ్చెన దిగి రేడియో పక్కన నిలబడింది.

"ఈగిల్! ఒక్క పుట్‌తో లోపలేశాడమ్మా! మీవాడు గెలిచాడు, ఎర్ర రెండు!"

ఎర్ర రెండు పెట్టెలో పైనే ఉంది. కళ్ళు మసకబారి చాలాసేపు కనిపించలేదు.

బస్సు దగ్గర తమ్ముడు సంచీ భుజాన వేసుకుని నిలబడ్డాడు. "అక్కా, ముందు నల్లది పెట్టావేం?"

"చెయ్యి తప్పింది."

వాడు ఆమె మొహంలోకి చూశాడు. నీ చెయ్యి ఎప్పుడు తప్పిందని అడగబోయాడు. ఆ చేతినే గట్టిగా పట్టుకున్నాడు.

"నేనూ వెళ్ళాలని లేదక్కా."

"నాకూ నిన్ను పంపాలని లేదు. ఎక్కు, బస్సువాళ్ళు కేకలేస్తున్నారు."

బస్సు మలుపు తిరిగేదాకా ఉండి ఇంటికొచ్చింది. వాడి చాప, బట్టలు, చెప్పులు ఏవీ లేవు. గోడ వారగా, వాడు రోజూ పుట్ సాధన చేసే స్టీలు గ్లాసు మాత్రం పక్కకి దొర్లి ఉంది, ఏళ్ళ తరబడి బంతులు తగిలి అంచంతా సొట్టలతో.