ఎనిమిది కుర్చీలు

సోమవారం ఉదయం ఆరింటికి, నా కళ్ళ ముందే ఒక మనిషిని తూకం మిషను మీంచి దింపేశారు. నేను నోరు మెదపలేదు. ముందు ఆ సంగతి ఒప్పుకుని తర్వాత మిగతాది చెబుతాను. లేకపోతే నేనేదో పుట్టుకతోనే ధైర్యవంతురాలినని మీరు పొరబడతారు.

నేను బస్సు కండక్టర్ని. రెండు కిడ్నీలూ పాడై మూడేళ్ళయింది. సోమ, బుధ, శుక్రవారాలు పెద్దాసుపత్రిలో డయాలసిస్ మిషను ఎక్కాలి. ఒంట్లో రక్తం గొట్టాల్లోంచి మిషనులోకి పోయి, శుభ్రపడి మళ్ళీ ఒంట్లోకి వస్తుంది. దానికి నాలుగు గంటలు. మా బ్యాచిలో ఎనిమిది కుర్చీలు, ఎనిమిదిమందిమి. ఒక టర్ను తప్పితే కాళ్ళు వాస్తాయి, ఆయాసం మొదలవుతుంది. రెండు తప్పితే ఊపిరాడదు. మూడో టర్ను గురించి మాలో ఎవరూ మాట్లాడరు.

నా పక్క కుర్చీ తాపీమేస్త్రిది. "అక్కా, నీ బస్సెక్కితే టికెట్టు కొట్టందే వదలవు, ఈ మిషనెక్కితే రక్తం లాగందే వదలదు" అని రోజూ ఏదో ఒకటి అని నవ్వించేవాడు. దించేసింది అతన్నే.

ఆ వేళ వార్డు గుమ్మానికి ఏదో కంపెనీ బోర్డు కొత్తగా వేలాడుతోంది. కంపెనీ మేనేజరు చేతిలో జాబితా పట్టుకుని, డయాలసిస్‌కి ముందు మా బరువు చూసే తూకం పక్కన నిలబడ్డాడు.

"కార్డు?"

"కూలీవాణ్ణి సార్. నాకు కార్డెవరిస్తారు?"

"అయితే దిగు. ఇకమీదట ఉద్యోగస్తుల ఆరోగ్యకార్డు ఉన్నవాళ్ళకే గవర్నమెంటు డబ్బు కడుతుంది. లేనివాళ్ళు సొంతంగా కట్టుకోవాలి."

"మొన్న శుక్రవారం దాకా ఊరికే చేశారు కదా సార్!"

"అప్పుడు గవర్నమెంటు నడిపింది. ఇప్పుడు మేం నడుపుతున్నాం. వెనకాల జనం ఉన్నారు, జరుగు."

నాది పర్మినెంటు ఉద్యోగం. కార్డు నా గుప్పిట్లోనే ఉంది. నోరు తెరిస్తే దానికి ఏ వంక పెడతాడోనని భయం. తల దించుకుని తూకం ఎక్కాను. ఆ నాలుగు గంటలూ నా పక్కన కుర్చీ ఖాళీగా, మిషను ఊరికే ఉన్నాయి. అటు చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

బయటికొచ్చేసరికి మేస్త్రి వరండాలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. అతని భార్య ఆసుపత్రి సూపరింటెండెంటు గది ముందు నిలబడి అరుస్తోంది. ఆమెతోపాటు మేమూ లోపలికి వెళ్ళాం. సూపరింటెండెంటు మంచిగానే మాట్లాడాడు. అందుకే నాకు ఇంకా భయం వేసింది.

"చూడమ్మా, వైద్యానికి సాయం చెయ్యడం గవర్నమెంటు పని. మిషన్లు నడపడం కాదు. అందరికీ అన్నీ ఊరికే ఇస్తూ పోతే ఖజానా ఏమైపోవాలి?"

"ఉప్పు కొన్నా పన్ను కడుతున్నాం, సబ్బు కొన్నా కడుతున్నాం" అంది మేస్త్రి భార్య. "తీసుకునేటప్పుడు కార్డుందా అని మమ్మల్ని ఎప్పుడైనా అడిగారా సార్?"

అతను బెల్లు కొట్టాడు. వాచ్‌మన్ వచ్చి మమ్మల్ని బయటికి పంపేశాడు.

వరండాలో వాదన మొదలైంది. మా బ్యాచిలో రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆయనకు పెన్షన్ ఉంది, కార్డూ ఉంది.

"ఆవేశపడకండి. డబ్బులేమన్నా చెట్లకు కాస్తున్నాయా? అందరికీ వైద్యం అనే మాట వినడానికి బాగానే ఉంటుంది. ముందు కార్డున్న ఏడుగురం నిలబడదాం. తర్వాత అతని కోసం అర్జీ పెడదాం."

"మీ అర్జీకి జవాబొచ్చేదాకా ఈయన ఉంటాడా మాస్టారూ?" అంది మేస్త్రి భార్య.

నిజం చెప్పొద్దూ, లోలోపల నాకూ మాస్టారి మాటే నచ్చింది. అందుకే నా మీద నాకు కోపమొచ్చి గట్టిగా అరిచాను: "సమ్మె చేద్దాం! బుధవారం ఎవ్వరం మిషను ఎక్కొద్దు!"

మా వార్డు పెద్ద సిస్టరు వెనకనుంచి వచ్చి నా నెత్తిన ఒక్కటి మొట్టింది. ఇరవై ఏళ్ళుగా ఆ వార్డులో సూదులు గుచ్చుతున్న మనిషి.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఇదేమన్నా నీ డిపోనా? బస్సాగితే వాళ్ళకు నష్టం. మిషనాగితే వాళ్ళకు కరెంటు మిగులుతుంది. పాడె ఎక్కేది నువ్వు."

"మరేం చెయ్యమంటావు సిస్టర్?"

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఎక్కకపోవడం కాదు, దిగకపోవడం చూడండి. సూది గుచ్చాక, రక్తం గొట్టాల్లో ఉండగా, మిమ్మల్ని కదిపే దమ్ము ఎవడికీ ఉండదు. మొదటిరోజని ఇవాళ పెందలాడే వచ్చాడు గాని, ఇకనుంచి మేనేజరు ఎనిమిదింటికి గాని రాడు. నేను అయిదింటికే తలుపు తీస్తాను. ఆ తర్వాత నా ఉద్యోగం సంగతి దేవుడికెరుక."

బుధవారం మేస్త్రిని ఇద్దరు తోటి కూలీలు ఎత్తుకొచ్చారు. అయిదు రోజులైంది మిషనెక్కి. ముఖం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. మాటకీ మాటకీ మధ్య ఆయాసపడుతున్నాడు. సిస్టరు ముందు అతనికే సూది గుచ్చింది, తర్వాత మా ఏడుగురికి. మాస్టారు కూడా వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. మా డిపోవాళ్ళు, కూలీలు, నర్సింగు చదివే పిల్లలు గుమ్మం దగ్గర, కుర్చీల మధ్య నేలమీద కూర్చున్నారు.

ఎనిమిదింటికి మేనేజరు వచ్చాడు.

"వీణ్ణెవరు ఎక్కించారు? దింపండి!"

"రక్తం బయట ఉంది" అంది సిస్టరు. "దింపాలంటే మీరే దింపండి."

పోలీసులకు ఫోన్ చేశాడు. ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు గాని గొట్టాల్లో ఎర్రగా పారుతున్నది చూసి ముందుకు రాలేదు. మేనేజరుకు ఒళ్ళు మండిపోయింది. మేస్త్రి మిషను ఒక్కటే ఆపుదామనుకున్నాడో ఏమో, గోడమీద పెద్ద స్విచ్చు కిందికి లాగాడు. వాడికేం తెలుసు! ఎనిమిది మిషన్లకూ ప్రాణం ఆ ఒక్క స్విచ్చే.

ఒక్కసారిగా ఎనిమిదీ కుయ్యిమని మొత్తుకున్నాయి. పంపులు ఆగిపోయాయి. నా రక్తం గొట్టంలో కదలకుండా నిలబడిపోవడం చూశాను. అది గడ్డకడితే ఇక లోపలికి రాదు. నా జన్మలో అంత భయం ఎరగను.

"చేతిపిడి పట్టండి! అందరూ!" అని సిస్టరు కేక పెట్టింది.

కరెంటు పోయినప్పుడల్లా సిస్టర్లు చేసే పనే అది. పంపు పక్కనే చిన్న పిడి ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పుతూ రక్తాన్ని ఒంట్లోకి పంపాలి. కానీ ఎనిమిది పిడులు, ఆ వేళ సిస్టరొక్కతే; సూదులతో ఉన్న మేం కదలకూడదు. మేస్త్రి భార్య అతని పిడి అందుకుంది. మా డ్రైవరు నాది పట్టుకున్నాడు. "ఎటు తిప్పాలక్కా?" అన్నాడు. నర్సింగు పిల్లలు నలుగురు తలొకటి పట్టుకున్నారు. మాస్టారి దగ్గర ఎవరూ లేరు. మేస్త్రిని మోసుకొచ్చిన కూలీ ఒకడు ఒక్క గెంతులో అటు వెళ్ళాడు.

"బాబూ, నీకు తెలుసా ఇది?" అన్నారు మాస్టారు.

"సున్నం కలుపుతాను కదండీ, తిప్పడం తెలుసు. ఎటో చెప్పండి చాలు."

"నెమ్మదిగా! ఆపకుండా! గాలిబుడగ కనిపిస్తే నన్ను పిలవండి!" సిస్టరు కుర్చీ కుర్చీకీ పరిగెత్తుతోంది. ఇంకో మిషను మిగిలింది. ఆమె కానిస్టేబుల్ వైపు తిరిగింది. "ఏమయ్యా, ఆ లాఠీ కింద పెట్టి ఇటు రా!" అతను ఇన్‌స్పెక్టరు మొహం కూడా చూడకుండా వచ్చేశాడు.

ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ పరిగెత్తుకొచ్చి, పైకి నిలవని స్విచ్చుతో కుస్తీ పడుతున్న మేనేజర్ని పక్కకు నెట్టి, దాన్ని పైకెత్తాడు. మొత్తం ఏడు నిమిషాలట. నాకు మాత్రం ఏడేళ్ళు.

నాలుగు గంటలూ పూర్తయ్యేదాకా ఇన్‌స్పెక్టరు ఓపిక పట్టాడు. సిస్టరు ఒక్కొక్కరికీ సూది తీసి, రక్తం ఆగేదాకా అదిమిపట్టి కట్టు కట్టింది. మేస్త్రి ముఖంలో వాపు దిగింది. అప్పుడు ఆమెను అరెస్టు చేశారు, కార్డు లేని మనిషికి వైద్యం చేసినందుకు. జీపు ఎక్కుతూ మావైపు చూసి, "ఒంట్లో నీరు చేరుతుంది, నీళ్ళు తక్కువ తాగండర్రా!" అని కసిరింది.

శుక్రవారం వార్డుకు తాళం. గొడవలు సద్దుమణిగేదాకా తియ్యరట. కార్డున్నవాళ్ళమూ లేనివాడూ అందరం ఒకే తాళం ముందు నిలబడ్డాం. అక్కణ్ణుంచి పోలీస్ స్టేషనుకు నడిచి మెట్లమీద కూర్చున్నాం. సిస్టర్ని వదలాలి, వార్డు తెరవాలి, ఎనిమిది కుర్చీల్లో ఎనిమిదిమందీ కూర్చోవాలి. మేం అడిగినవి ఈ మూడే. మా వెనక రోడ్డంతా జనం.

శనివారం పొద్దుటికి నా కాళ్ళు దిమ్మల్లా అయ్యాయి. పడుకుంటే ఊపిరి అందడం లేదు. అప్పుడొచ్చింది కంపెనీ వ్యాను. మేనేజరు తలుపు బార్లా తెరిచాడు.

"కార్డున్నవాళ్ళు ఎక్కండి. మా ఆసుపత్రిలో మిషన్లు సిద్ధంగా ఉన్నాయి. అరగంటలో ఎక్కిస్తాం."

ఎవరూ కదల్లేదు. మేస్త్రి నా చెయ్యి పట్టుకున్నాడు. "వెళ్ళక్కా. నీకు పిల్లలున్నారు. నేనేం అనుకోను."

నాకు వెళ్ళాలనిపించింది. అబద్ధమెందుకు, నిజంగానే నా కాళ్ళు మెట్టు దిగడానికి బలం కూడదీసుకున్నాయి. చావంటే నాకు భయం. ఇప్పుడూ భయమే.

నాకంటే ముందు మాస్టారు లేచారు. చేతికర్ర మీద ఆనుతూ, అడుగడుక్కీ ఆగుతూ వ్యాను దగ్గరికి నడిచారు. మేస్త్రి భార్య తల తిప్పేసుకుంది. మేనేజరు నవ్వుతూ చెయ్యి అందించాడు.

"రండి మాస్టారూ, పెద్దవారు మీరైనా అర్థం చేసుకున్నారు."

మాస్టారు ఆ చెయ్యి పట్టుకోలేదు. వ్యాను తలుపు పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి దాన్ని మూసేశారు. అక్కడే రోడ్డుమీద, చక్రాలకు అడ్డంగా కూర్చున్నారు.

నేను లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.