ఒక్క ఎండుద్రాక్ష

వర్తమానంలో ఎలా ఉండాలో నేర్పడానికి బెంగళూరు నుంచి మాకొక నిపుణుడు వచ్చాడు. వచ్చింది గంట ఆలస్యంగా.

బుక్కరాయసముద్రం దారిలో ఉంది మా నర్సింగ్ కాలేజీ. ఆఖరి సంవత్సరం వాళ్ళకు మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు తప్పనిసరి. అందులో పాసైతేనే హాల్‌టికెట్టు. పొద్దుటి డ్యూటీ దిగి, కాళ్ళు పీకుతుండగా వచ్చి కూర్చున్నాం.

"కళ్ళు మూసుకోండి. మీ ఊపిరిని గమనించుకోండి. పక్కనే నిండుగా నది పారుతోంది, వినండి" అన్నాడాయన.

కరువు ఊరు బెళుగుప్ప నుంచి వచ్చిన సుజాత ఒక కన్ను తెరిచి, "యాడ పారతాండాదే కృపా?" అని నా చెవిలో అడిగింది. నాకు నవ్వాగలేదు.

తర్వాత తలా ఒక ఎండుద్రాక్ష చేతిలో పెట్టారు. చూడాలి, వాసన పీల్చాలి, నోట్లో వేసుకుని నెమ్మదిగా నమలాలి. పరీక్ష అదేనట.

నాజ్‌నీన్ మాత్రం నోట్లో వేసుకోలేదు. అది రంజాన్ నెల. మంచినీళ్ళు కూడా ముట్టకుండా పొద్దున్నుంచి వార్డులో నిలబడి వచ్చింది.

"ఒక్కపొద్దు ఉండాను సార్. పొద్దుగూకినాక తింటాను."

"ఒక్క ద్రాక్షే కదమ్మా, భోజనం కాదుగా! అలా మనసు మూసుకోకూడదు."

మనసట! ఎదురుగా పెదాలెండిపోయి కూర్చున్న పిల్ల కనబడదు గానీ, ఈయన మాకు చూడటం నేర్పుతాడట. ఒళ్ళు మండి లేచాను.

"ఆ పిల్ల ఒక్కపొద్దు చెడితే గానీ మీకు శాంతి రాదా సార్?"

క్లాసు గొల్లుమంది. ఆయన ఊపిరి గమనించుకోవడం మరిచిపోయి ఎర్రబడ్డాడు. "నీకు కోపం, ఆమెకు మొండితనం. ఇద్దరూ వర్తమానంలో లేరు, ఇద్దరూ ఫెయిలే" అని తేల్చేశాడు.

"నీకెందుకే నోరు? నీ హాల్‌టికెట్టూ పాయె" అంది నాజ్‌నీన్, బయటికొచ్చాక. కళ్ళ నిండా నీళ్ళు.

"పోనీలే" అన్నాను. నాకూ భయంగానే ఉంది.

సాయంత్రం మళ్ళీ వార్డు. స్టాఫును పెట్టుకోరు, మాకు శాంతి నేర్పిస్తారు.

పొద్దుగూకింది. మసీదు నుంచి అజా వినబడింది. నాజ్‌నీన్ దస్తీ విప్పి, దాచుకున్న ద్రాక్ష తీసింది.

"దీంతోనే ఒక్కపొద్దు విడుస్తా. ఆయప్ప చెప్పినట్టే మెల్లగా తింటా, చూడు" అని నవ్వి నోట్లో వేసుకుంది.

"సిస్టరమ్మా, మా నాయనకు ఊపిరాడతా లేదు!" మూల మంచం దగ్గర్నుంచి కేక.

నేను ఆక్సిజన్ తెచ్చేసరికి నాజ్‌నీన్ ముసలాయన్ని లేపి కూర్చోబెట్టి, వీపు నిమురుతోంది. "ఈడే ఉండాను తాతా. నన్ను చూడు. మెల్లగా పీల్చు."

ఆయన తేరుకున్నాక అడిగాను, "ద్రాక్ష ఎట్లుండాదే?"

"యా ద్రాక్ష?" అంది నాజ్‌నీన్, ఆయన నాడి చూస్తూ.