నీళ్లలో నిలబెట్టిన హద్దు

పడవల అడుగులు తట్టి చూడాలి. తెరచాపల తాళ్లు లాగి చూడాలి. లైఫ్ జాకెట్లు నీళ్లలో వేసి, తేలుతున్నాయో లేదో పరీక్షించాలి. బ్యారేజీ గేట్లు ఎన్ని ఎత్తారో, సాయంత్రానికి ఇంకెన్ని ఎత్తుతారో కనుక్కోవాలి. హద్దు గుర్తు ఎక్కడుందో చూడాలి. పోయినేటి ప్రమాదాల రిజిస్టరు చదవాలి. ఇవన్నీ అయ్యాక, ఇక్కడ ఎవరి ప్రాణానికీ ముప్పు లేదని కాగితం మీద సంతకం పెట్టాలి. ఆఖరి పని ముందే అయిపోతే మిగతా వాటితో అవసరమే లేదని శిక్షణ కేంద్రం సెక్రటరీ పూర్ణచంద్రరావు గారి ఉద్దేశం.

డెబ్బై మూడు ఆగస్టు. కృష్ణలో కొత్తనీరు ఎర్రగా దిగుతోంది. పై నుంచి సన్నటి జల్లు. భవానీపురం ఒడ్డున ఉన్న తెరచాప శిక్షణ కేంద్రం ముందు రంగుకాగితాల తోరణాలు తడిసి కారుతున్నాయి. నాలుగింటికి కలెక్టరు గారు వస్తారు. ఇరవై నలుగురు కాలేజీ కుర్రాళ్లు పన్నెండు పడవల్లో ఆయన ఎదుట నదిలోకి వెళ్లి రావాలి.

పడవల ఇన్‌స్పెక్టరు జీవరత్నం ఉద్యోగంలో చేరి ఏడు నెలలైంది. ప్రొబేషను ఇంకా తీరలేదు. తల్లీ తండ్రీ కంకిపాడు దగ్గర పరాయి పొలాల్లో నాట్లకీ కోతలకీ వెళతారు. ఆ ఇంట్లో మొదటి బి.ఎస్సీ. అతనే. ఏ ఫారంలోనూ చూడకుండా ఏ గడీ నింపకూడదన్నది అతను ఒట్టు పెట్టుకున్న విషయం. పొద్దుటి నుంచి మోకాళ్ల మీద కూర్చుని పడవలు తట్టి తట్టి ప్యాంటు బురదైంది.

"ఏంటండీ ఇన్‌స్పెక్టరు గారూ, పెళ్లికొడుకు తరఫు ఆడపడుచులాగా ప్రతిదానికీ వంకలెతుకుతారు? కాఫీ చల్లారిపోతోంది, రండి!" అన్నారు పూర్ణచంద్రరావు గారు వరండాలోంచి.

"ఇంకొక్కటుందండీ. హద్దు గుర్తు. అది దాటితే బ్యారేజీ లాగేస్తుందని రాసుంది."

"అదుగో, కనపట్లా? ఎర్రగుడ్డ."

దూరంగా నది మధ్య, నీళ్లలో మునిగిన ఇసక మేట మీద వెదురు బొంగు, దాని చివర ఎర్రగుడ్డ కనిపించాయి. 'ఉన్నది' అని రాయబోయి జీవరత్నం ఆగాడు. బొంగు కొంచెం ఎడమకి జరిగింది. కాసేపటికి కుడికి జరిగింది. అతను చిన్న పడవ వేయించుకుని వెళ్లాడు.

బొంగు ఇసకలో పాతి లేదు. ఛాతీ లోతు నీళ్లలో ఒక మనిషి దాన్ని నిటారుగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. వేళ్లు నాని ముడతలు పడ్డాయి.

"నువ్వేం చేస్తున్నావిక్కడ?"

"గుర్తునండి."

"గుర్తేంటి? మనిషివి కదా!"

"అయిదింటిదాకా గుర్తునేనండి. ఆ తర్వాత మనిషిని." అతను పళ్లు కటకటలాడుతున్నా నవ్వాడు. "పేరు రత్తయ్యండి. బొంగు పాతితే వరదకి కొట్టుకుపోతందండి. మనిషైతే నీరు పెరిగేకొద్దీ ఇటు జరుగుతాడు, తగ్గితే అటు జరుగుతాడు. అందుకని సెక్రటరీ గారు మమ్మల్నే పెట్టారు. రోజుకి అయిదు రూపాయలు, రెండు టీలు."

"జాకెట్టేదీ?"

"అయి ఇరవై నాలుగేనండి. కుర్రాళ్లకే సరి. ఈతొచ్చినోడికి జాకెట్టెందుకన్నారు."

"గేట్లెత్తితే నీకెవరు చెబుతారు?"

"కాళ్ల కింద ఇసక చెప్పుద్దండి. జారిపోతా ఉంటది." రత్తయ్య నవ్వు ఆపేశాడు. "మా బావకీ అట్టాగే చెప్పింది."

పోయినేడు ఈ బొంగు పట్టుకున్నది రత్తయ్య బావ ఇశ్రాయేలు. ఆ వేళ ఉన్నట్టుండి ప్రవాహం ఊపందుకుంది. ఇసక జారుతున్నప్పుడే అతను ఒడ్డుకి ఈది ఉంటే బతికేవాడు. కానీ రెండు పడవలు ఇంకా వెనక్కి తిరగలేదు. గుర్తు కనపడకపోతే కుర్రాళ్లు నేరుగా గేట్ల మీదికి పోతారు. గొంతులోతు నీళ్లలోనూ అతను బొంగు ఎత్తే పట్టుకున్నాడు. పడవలు రెండూ తిరిగాయి. ఇశ్రాయేలు రెండు రోజుల తర్వాత బ్యారేజీకి దిగువన దొరికాడు.

జీవరత్నం రత్తయ్యను పడవ ఎక్కించుకుని ఒడ్డుకి వచ్చి రిజిస్టరు తెరిచాడు. పోయినేటి పేజీలో ముత్యాల్లాంటి అక్షరాలున్నాయి: ప్రమాదాలు లేవు.

"ఇశ్రాయేలు పేరు లేదేంటండీ?"

"పడవలో ఉన్నోళ్లకే కదండీ రిజిస్టరు! వాడు పడవలో లేడుగా." పూర్ణచంద్రరావు గారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "వాడి పెళ్లానికి ఇక్కడే పని ఇచ్చాం. అన్యాయం చేశామని ఎవరైనా అంటే చెప్పండి."

ఆ పెళ్లాం మణెమ్మ వరండా చివర తెరచాపలు తుడుస్తోంది. సంగతి అర్థమై, చేతులు చీరకొంగుకి తుడుచుకుంటూ వచ్చి జీవరత్నాన్ని పక్కకి పిలిచింది.

"మీరు మనోళ్ల బిడ్డంటగా బాబూ. సంతకం పెట్టెయ్యండి."

"మీ ఆయన అక్కడే పోయాడు కదమ్మా. మళ్లీ నీ తమ్ముడు..."

"ఇదాగిపోతే ఆడికీ నాకూ పని పోద్ది. రేపు మీ ఉద్యోగం మీకుంటది, మాకేముంటది? ఆయన పేరు రాత్తే ఆయన లేసొత్తాడా?"

తన ఉద్యోగం తనకి ఉంటుందన్న మాట నిజం కాదని జీవరత్నానికి ఆమెతో చెప్పబుద్ధి కాలేదు.

అతను బల్ల దగ్గర కూర్చుని కలం తీశాడు. హద్దు గుర్తు అన్న గడిలో 'లేదు. మనిషిని నిలబెడుతున్నారు' అని రాశాడు. ప్రమాదాల గడిలో 'ఒకటి. ఇశ్రాయేలు, మృతి' అని రాశాడు. సంతకం చోటు ఖాళీగా వదిలి, కాగితం పూర్ణచంద్రరావు గారి వైపు తిప్పాడు.

"ఇనప పీపాలు గొలుసులతో కట్టి హద్దు వేయించండి. వేసిన రోజున వచ్చి సంతకం పెడతానండి."

పూర్ణచంద్రరావు గారు చదివారు. అప్పటిదాకా ఉన్న 'మీరు', 'గారు' ఎగిరిపోయాయి.

"ఏవయ్యా, నిన్నగాక మొన్నొచ్చి నాకు చెబుతున్నావా? నీ ప్రొబేషను సంగతి మీ పై ఆఫీసరుతో మాట్లాడలేననుకున్నావా? నీ సంతకం లేకపోతే పడవలు కదలవా?" ఆయన మెట్ల వైపు తిరిగి గట్టిగా అరిచారు. "రత్తయ్యా! మూడున్నరయింది. దిగరా నీళ్లలోకి!"

రత్తయ్య లేచాడు. ఒకసారి నది వైపు చూశాడు. ఒకసారి అక్క వైపు చూశాడు. మణెమ్మ 'దిగు' అనలేదు, 'వద్దు' అనలేదు. తుడుస్తున్న తెరచాపని గుండెకి అదుముకుని నిలబడిపోయింది.

"ఇయ్యాల దిగనండి," అన్నాడు రత్తయ్య. బొంగు మెట్ల మీద అడ్డంగా పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు.

రోడ్డు మీద జీపు హారన్ వినిపించింది. పన్నెండు పడవల్లో కుర్రాళ్లు తాళ్లు పట్టుకుని ఎవరు ఏం చెబుతారా అని చూస్తున్నారు.

జీవరత్నానికి ఆ తర్వాత మెమో వచ్చిందా, రత్తయ్యకి మర్నాడు కూలి దొరికిందా అన్నది ఇక్కడ చెప్పలేను. వాళ్లని మీరు మరిచిపోయినా ఫర్వాలేదు. కృష్ణ మీద తెల్ల తెరచాపలు కనిపించి ముచ్చటేసినప్పుడు మాత్రం, గొంతులోతు నీళ్లలో ఎవరి బిడ్డల కోసమో బొంగు దించని ఇశ్రాయేలుని ఒక్కసారి తలుచుకోండి. అతని పేరు ఆ ఒక్క కాగితంలోనే ఉంది. ఆ కాగితాన్ని ఉంచారో చించారో ఎవరికీ తెలియదు.