పాతది ఉంచాలా, కొత్తది పెట్టాలా

మామగారి నోరు మంచిది కాదు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పుకునేవాడు, అదేదో బిరుదైనట్టు. చేతులు వణకడం మొదలయ్యాక గడియారాల కొట్టు మూసేశాడు గానీ, నోటికి మాత్రం సెలవివ్వలేదు.

కొట్టు మూశాక ఆయనకి మిగిలింది ఇంటర్నెట్‌లో ఒక ఫోరం. గడియారాలు బాగుచేసేవాళ్లు అక్కడ సందేహాలు అడుగుతారు. ముసలాయన జవాబు చెబుతుంటే కూతురు టైపు చేస్తుంది. ఏ స్ప్రింగు ఎందుకు తెగుతుందో, ఏ పళ్లచక్రం ఎక్కడ అరుగుతుందో, చేతులు మరిచిపోతున్న పనంతా ఏళ్ల తరబడి అలా అక్కడికి చేరింది.

ఆ ఫోరం నడిపేది అల్లుడు. కాపురం మామగారింట్లోనే. ఆయన లెక్కలో అల్లుడు కూటికి దండగ. "మా అల్లుడికి మా ఇంట్లో ఫ్యాను స్విచ్చి ఏదో తెలియడానికి ఏడాది పట్టింది" అని ఫోరంలోనే రాయించాడు. ముక్కూమొహం తెలియని మెకానిక్కులంతా కింద నవ్వు బొమ్మలు పెట్టారు. అది టైపు చేసింది తన పెళ్లామే. అదీ అతనికి పుండు మీద కారం.

ఫోరం సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వచ్చింది. ఎక్కించడం బ్రహ్మవిద్యేం కాదు. బ్రౌజర్‌లో ఎక్కించే పేజీ తెరిస్తే అదే అడుగుతుంది: పాతది ఉంచి అప్‌గ్రేడ్ చెయ్యాలా, అంతా తుడిచి కొత్తది పెట్టాలా? ముందు బ్యాకప్ తీసుకోమని ఒక బటన్ కూడా ఇస్తుంది. అల్లుడు బ్యాకప్ నొక్కాడు. దిగిన ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేసి జేబులో పెట్టుకున్నాడు. తరవాత తాపీగా, కొత్తది పెట్టమన్నాడు.

ముసలాయన రాతలు పోవాలని కాదు. ఆయన ఒక్కసారి కాళ్లబేరానికి రావాలి, "బాబూ, కాస్త చూడు" అనాలి. అప్పుడు ఇచ్చేద్దామనుకున్నాడు.

మర్నాడు ఫోరం ఖాళీగా తెరుచుకుంది. కూతురి మొహం పాలిపోయింది. ముసలాయన ఆ తెల్లటి పేజీకేసి కాసేపు చూసి, పగలబడి నవ్వాడు.

"నేను చెప్పలా? కోతికి కొబ్బరిచిప్ప ఇస్తే ఇంతే! పోనీలేవే, కావాలని చేశాడా ఏంటి. వాడికి వచ్చిందే అంత."

కూతురు కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది. అల్లుడికి ఒళ్లు మండింది.

"కావాలనే చేశాను," అన్నాడు.

"ఏంటీ?" అన్నాడు ముసలాయన.

"కావాలనే తుడిచేశాను. మీరు రాసిందంతా నా జేబులో ఉంది. అడగండి, ఇస్తాను."

నవ్వు ఆగిపోయింది. ముసలాయన వణికే చేతులు రెండూ ఒడిలో కలిపి పట్టుకున్నాడు.

"నిజంగా ఉందా? ఇవ్వు బాబూ. నాకింకేం లేదు. ఇచ్చెయ్యి."

ఆ మాట ఎంత తియ్యగా ఉందో! ఇంకోసారి అనిపించుకుందామా అని కూడా ఆలోచించాడు దుర్మార్గుడు. చివరికి పెన్‌డ్రైవ్ పెట్టి, పాతదంతా తిరిగి ఎక్కించమని నొక్కాడు.

సభ్యుల పేర్లు వరసగా వచ్చాయి. ముసలాయన పేరు వచ్చింది, ఫొటో వచ్చింది. "వస్తున్నాయి నాన్నా," అంది కూతురు. పేర్లయ్యాక ఇంకేమీ రాలేదు.

పెద్ద ఫోరాన్ని బ్రౌజర్ నుంచి బ్యాకప్ తీస్తే, సర్వర్ ఒక్కోసారి మధ్యలో చేతులెత్తేస్తుంది. వచ్చినంత మటుకు ఫైలుగా ఇచ్చి ఊరుకుంటుంది. ఫైలు ఎంతుందో చూసుకోవాలని అతనికీ తెలుసు. ఎప్పుడూ చూసేవాడే. ఆ రోజు మాత్రం పగ తీరుతోందన్న సంబరంలో చూడలేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ పేర్లే వచ్చాయి. ముసలాయన పేరు పక్కన, రాసిన జవాబులు సున్నా అని ఉంది.

అల్లుడు తిట్లకోసం తల వంచుకుని నిలబడ్డాడు. దద్దమ్మ అంటాడనుకున్నాడు. ఆ క్షణంలో ఆ మాట అనిపించుకోవాలని నిజంగా ప్రాణం కొట్టుకుంది. ముసలాయన లేచి, గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు. భార్య పెన్‌డ్రైవ్ ఊడదీసి భర్త చేతిలో పెట్టింది.

"జాగ్రత్తగా దాచుకోండి," అంది.

ఆ తరవాత ఆ ఇంట్లో అతన్ని ఎవరూ ఎగతాళి చెయ్యలేదు.