దాపరికం లేని సరుకు

మునాఫ్‌ను పట్టుకుపోయింది పట్టపగలే, జనమంతా చూస్తుండగానే. ఆ అరబ్బు దేశంలో, ఖైతాన్ పేట సందులో ఉన్న పాత కంప్యూటర్ల దుకాణం ముందు పోలీసు జీపు ఆగింది. దిగినవాళ్లు బల్ల మీది లాప్‌టాప్‌లు తిరగేసి, కింద అంటించిన లైసెన్సు చీటీలు చూసి, ఈ దొంగపని ఎవరిదని అడిగారు. యజమాని వెంకటరాజు చేతిలోని టీ గ్లాసైనా కింద పెట్టలేదు. గడ్డం ఎత్తి పనివాడు మునాఫ్‌ను చూపించి, మళ్లీ టీ తాగాడు.

ఆ దొంగపని ఎవరిదో దుకాణంలో అందరికీ తెలుసు. అమ్ఘరా తుక్కు యార్డులో చచ్చిన కంప్యూటర్లు కొనేది వెంకటరాజు. వాటి చీటీలను వేడిగాలితో మెత్తబరిచి ఊడదీయించి, వేరే వాటికి అంటించమనేది వెంకటరాజు. పెద్ద కంపెనీ సిస్టంను దొంగ కాపీ వేయించి, అసలుదని చెప్పి కూలోళ్లకూ పనిమనుషులకూ అంటగట్టేదీ అతనే. లాభం అతనికి, జైలు మునాఫ్‌కు. రాజంపేట మనిషి, మనోడే కదా అని నమ్మి వచ్చినవాళ్ల పాస్‌పోర్టులన్నీ అతని సొరుగులో ఉన్నాయి. దుకాణం లైసెన్సు ఎవరి పేరు మీదుందో ఆ అరబ్బు జామీనుదారు, కఫీల్, దాని మొహమే చూడలేదు.

ఇంకో పనివాడు ఓబులేసు అప్పుడు అక్కడే ఉన్నాడు. తల వంచుకుని స్క్రూలు ఏరుకున్నాడు. మునాఫ్ జీపెక్కుతూ తనవైపు చూశాడని తెలిసినా తల ఎత్తలేదు. ఆ నెలలోనే వెంకటరాజు అతని ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, కొత్తది చేయించాలి. ఆ భయం అతని నోరు కట్టేసింది. సిగ్గుతో ఆ పూట మునాఫ్ కుర్చీ వైపు చూడలేదు.

మర్నాడు వెంకటరాజు అతన్ని మునాఫ్ కుర్చీలో కూర్చోబెట్టాడు. చీటీలు అంటిస్తే రేపు జీపు తన కోసం వస్తుంది. అంటించనంటే ఇఖామా రాదు, పైగా పారిపోయాడని కేసు పెట్టి దేశం దాటిస్తారు. ఎటు తిరిగినా గోడే. ఓబులేసు లాంటివాళ్లు ఖైతాన్‌లో గదికి పదిమంది ఉన్నారు, అందరికీ ఈ గోడ తెలుసు.

దుకాణంలో మూడో పనివాడు హుస్సేన్ పీరా, రాయచోటి మనిషి. ఆ శుక్రవారం గదిలో లాప్‌టాప్ తెరిచి లినక్స్ అనే ఉచిత సిస్టం చూపించాడు.

"దీనికి ఎవని చీటీ అక్కర్లేదు ఓబులేసూ. ప్రపంచంలో ఎవురెవురో కూడి చేసినారు. తీసుకో, వాడుకో, పక్కనోనికియ్యి అని పెట్టినారు. దొంగతనమే లేనికాడ ఎవుర్ని పట్టుకపోతారు?"

ఇది ఎవరు కొంటారని ఓబులేసు నసిగాడు. బళ్లో, ఆఫీసులో, సినిమాలో కనబడేది ఆ పెద్ద కంపెనీ బొమ్మే, జనం దాన్నే అడుగుతారు. చివరికి ఇద్దరూ తమకు చేతనైన పనే చేశారు. ఏళ్ల తరబడి నకిలీలు చేసిన చేతులవి. లినక్స్‌కు పెద్ద కంపెనీ రంగులు, పెద్ద కంపెనీ బొమ్మలు వేసి, అచ్చం దానిలాగే తయారుచేసి, చీటీ మాత్రం అంటించకుండా, కొన్నవాళ్లతో ఒక్క ముక్క చెప్పకుండా ఇచ్చారు. తెర మీది బొమ్మలే చూసిన వెంకటరాజుకూ తెలియలేదు.

బ్నీద్ అల్ గార్‌లో ఇంటిపని చేసే బషీరా బీ అలాంటిదొకటి కొని, డిగ్రీ చదివే కూతురు అనీసాకు కార్గోలో పంపింది. కాలేజీలో అది నకిలీదని తేల్చారు, తోటివాళ్లు నవ్వారు. పిల్ల ఫోన్‌లో ఏడ్చింది. సెలవు దొరికిన శుక్రవారం బషీరా బీ నేరుగా వాళ్ల గదికొచ్చి నిలదీసింది. అందులో ఉన్నది లినక్స్ అని, మంచిదేనని పీరా చెప్పాడు.

"రాజు మోసం చేసినాడంటే వాడు షావుకారి. మీరు మా మాదిరి కూలోళ్లు గదా అబ్బయ్యా. మంచిదే అయితే దాని మొగం దాచి ఎందుకిచ్చినారు?"

గదిలో పెద్ద వాదన లేచింది. నిజం చెబితే అమ్ముడుపోదని ఒకరు, మనకెందుకీ గొడవని ఒకరు. బషీరా బీ ఎవరినీ వదల్లేదు. షావుకారి దారిలో నడుస్తూ షావుకారిని గెలవలేరని కడిగేసింది. దాచకుండా చెప్పి ఇద్దామని ఆ పూటే తీర్మానమైంది.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం, కడప వాళ్లు కార్గో పెట్టెలు కట్టుకునే చోట పీరా ఒక ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చున్నాడు. లినక్స్‌ను దాని సొంత రంగుల్లో, తెలుగు అక్షరాల్లో తెరిచాడు. ఏం చేస్తుందో చెప్పాడు. ఏం చేయలేదో కూడా చెప్పాడు. నేర్చుకున్నవాడు పక్కనోడికి నేర్పాలి, అదొక్కటే షరతన్నాడు. తన సరుకు లోపం తానే చెప్పే మనిషిని ఖైతాన్ అంతకుముందు చూడలేదు. జనం మూగారు. బషీరా బీ బ్నీద్ అల్ గార్ నుంచి పనిమనుషులను వెంటబెట్టుకొచ్చింది. రాయచోటిలో అనీసా తన క్లాసువాళ్లందరికీ ఎక్కించింది. పెన్‌డ్రైవ్‌లు చేతులు మారాయి, వెంకటరాజు దుకాణంలో ఈగలు తోలుకున్నాడు.

అతను ఊరుకుంటాడా? పీరా పని వదిలి పారిపోయాడని కేసు పెట్టి, మరో శుక్రవారం పోలీసులతో దిగాడు. ఇదంతా ఎవరు చేస్తున్నారని పోలీసు అడిగితే బషీరా బీ ముందుకొచ్చి నేనే అంది. ఆమె వెనకున్న పనిమనిషి శివపార్వతి నేనూ అంది. ఆ వెనక ఇంకా గొంతులు లేచాయి. అందరికీ జీపులో చోటు లేదు, కేసు పీరా పేరు మీదుంది.

వెంకటరాజు ఓబులేసు భుజం మీద చెయ్యి వేశాడు. పీరా పారిపోయినోడేనని ఒక్క మాట సాక్ష్యం చెబితే చాలు, ఇఖామా రేపే వస్తుందని చెవిలో చెప్పాడు.

ఓబులేసు అతనివైపు తిరిగాడు. ఆ చెయ్యి తీసేశాడు.

"పొద్దునంతా పీరన్న మీ దుకాణంలోనే ఉన్న్యాడు సార్. షట్టరెత్తింది గూడా ఆయనే. మునాఫన్నతో చీటీలు అంటిపించింది మీరు. యాడ చెప్పమన్నా ఇదే చెప్తా."

పోలీసు వినిపించుకోలేదు. పీరాను జీపెక్కించారు. "ఖలాస్, నీ పని అయిపాయ," అని వెంకటరాజు ఓబులేసుకు వేలు చూపించి వెళ్లిపోయాడు. ఓబులేసుకు ఇక ఇఖామా లేదు. వచ్చే వారం ఇక్కడుంటాడో లేదో అతనికే తెలియదు. భయం పోలేదు.

అతను వెళ్లి పీరా కూర్చున్న డబ్బా మీద కూర్చున్నాడు.

"తర్వాత ఎవురిది? తెండి," అన్నాడు.

శివపార్వతి తన లాప్‌టాప్ తీసి అతని ముందు పెట్టింది. ఆమె వెనక వరస మొదలైంది.