జోజి పొంగించిన పాలు

గాలి అణిగింది గానీ వాన విడవలేదు. తుఫాను దాటిన రెండోనాటి పొద్దున్న పోతమ్మ చేపలబుట్ట లేకుండా మెట్ట ఎక్కి వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆమెను బుట్ట లేకుండా జోజి చూసి ఎరగడు. తల మీద బుట్ట లేకపోయేసరికి మనిషి పొట్టిగా కనిపించింది.

చినవాల్తేరు మెట్ట మీద మిషన్ హాలుకి జోజి కాపలాదారు. ముప్పై ఏళ్లు పోర్టులో ఖలాసీగా తాళ్లు లాగాడు. ఆ పని అయిపోయాక చర్చి సంఘం వాళ్లు ఈ పని ఇచ్చారు. హాలు వెనక ఒక గది, చేతిలో ఒక తాళంచెవి, అతని సంసారం అంతే. భార్య దీవెనమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. పిల్లలు లేరు. మాట్లాడే అలవాటూ తగ్గిపోయింది. రోజుకి నాలుగు మాటలుంటే అందులో రెండు పోతమ్మతో చేపల బేరంలో ఖర్చయ్యేవి, మిగిలినవి ప్రార్థనలో.

"జోజన్నా, మా వరసంతా ఎల్లిపోనాది" అంది పోతమ్మ, కొంగు పిండుకుంటూ. "పదకొండు గడపలు. సముద్దరం లోపలికొచ్చి గుడిసెలన్నీ నాకీసింది."

"మనుసులో?"

"మనుసులున్నారు. పడవ కూడా ఉంది. మా ఆయన దాన్ని కావిలించుకుని కూకున్నాడు. నన్నెప్పుడూ అలగ పట్టుకోనేదు."

జోజి నవ్వలేదు. నవ్వాలనే ఉంది గానీ ఆమె నిలువునా తడిసి ఉంది. గదిలోంచి ముక్కాలిపీట తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"బడి నిండిపోనాది. సత్రం నిండిపోనాది. గవురుమెంటోళ్లు లారీ ఎట్టారు. గాజువాక దాటినాక ఏదో కాళీ బడుందంట, అక్కడికి పదండంతన్నారు. అంత దూరం పోతే పడవనెవులు సూత్తారు? ఉన్నదొక్క పడవ, పదకొండు గడపలకీ అదే కూడు. పలకలు ఊడి ఉన్నాయి. ఇప్పుడు బిగించుకోపోతే మల్లీ అల మీదికెక్కదు." హాలు వైపు చూసింది. "నీ హాలు కాళీగుంది గదా?"

"నా హాలేటి? సంగంది."

"తాళం నీ కాడుందా, సంగం కాడుందా?"

జోజి ఆలోచించాడు. సంఘం పాస్టరు అయ్యగారు మీటింగుకని కాకినాడ వెళ్లి, రైళ్లు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకున్నారు. అడుగుదామంటే మనిషి లేడు. వద్దనడానికీ మనిషి లేడు. అతను వెళ్లి తాళం తీసి తలుపుల గొళ్లెం లాగాడు. తడికి ఉబ్బిన తలుపు రానంది. భుజం పెట్టి తోశాడు.

పన్నెండు కాకుండానే అందరూ వచ్చేశారు. యాభై ముగ్గురు. ముసలివాళ్లు, పసివాళ్లు, వలల మూటలు, రెండు కోళ్లు. జోజి బెంచీలన్నీ గోడలకి జరిపాడు. ఎవరూ చెప్పకుండానే ఏ గడప వాళ్లు ఆ గడపగా, ఒడ్డున గుడిసెలు ఏ వరసలో ఉండేవో అదే వరసలో కూర్చున్నారు. పోతమ్మ మొగుడు పోలిరాజు ఆ పదకొండు గడపలకీ పెద్ద. పడవ దగ్గర వీరన్నని కాపలా పెట్టి, అతను అందరికన్నా వెనక వచ్చాడు.

"బావా, నీ రునం ఉంచుకోం" అన్నాడు జోజితో.

"కూకో" అన్నాడు జోజి.

కాసేపటికి రెవిన్యూ ఇన్‌స్పెక్టరు గంగాధరరావు వచ్చాడు. రెండు రోజులుగా నిద్ర లేని మొహం. మోకాళ్ల దాకా బురద. హాలంతా తిరిగి చూసి, పెద్ద ఊపిరి వదిలాడు. పిల్లల కోసమని అరబస్తా పొడిపాలు దింపించాడు.

"నాలుగింటికి ఆఖరి లారీ" అన్నాడు పోలిరాజుతో. "ఇక్కడుంటారంటే ఇక్కడున్నారని రాసుకుంటాను. ఇక్కడ కాదంటే గాజువాక ఎక్కాల్సిందే. వానలో, ఒడ్డునే కూచుంటామంటే మాత్రం నేను ఒప్పుకోను. మళ్లీ గాలి లేస్తుందంటున్నారు."

"ఇక్కడే ఉంటాం బాబూ" అన్నాడు పోలిరాజు. అక్కడితో అయిపోవాల్సిన కథే అది.

పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. జోజికి ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. క్రిస్మస్ విందుకి వాడే పెద్ద గుండిగ వెనకగదిలో బోర్లించి ఉంది. దాన్ని దొర్లించుకుంటూ తెచ్చాడు. బయట వాన, వరండా అంతా జల్లు. అందుకని, ఎన్నడూ లేనిది, హాల్లోనే ఒక మూల మూడు ఇటుకలు పెట్టి పొయ్యి వేశాడు. పోలిరాజు కోడలు సూర్యకాంతమ్మ, చంకలో నెలల బిడ్డతోనే, వెనకగది మూలలోంచి ఎండు చితుకులు ఏరి తెచ్చింది. జోజి నీళ్లు పోసి, పొడి కలిపి, మంట పెట్టాడు.

తొమ్మిదేళ్లుగా ఒక్క మనిషికి వండుకుంటున్నవాడికి యాభై మంది గుండిగకి మంట ఎంత పెట్టాలో ఏం తెలుస్తుంది? విందుకని వెనకగదిలో దాచిన దుంగలు తెచ్చి ఒకదాని మీద ఒకటి తోశాడు. గ్లాసుల కోసం అటు తిరిగాడో లేదో, పాలు బుస్సుమని లేచాయి. గుండిగ అంచు దాటి, తెల్లటి నురగ ఒక పక్కగా కారి, నేల మీద తూర్పుగోడ దాకా పాకింది.

జోజి చటుక్కున తిరిగి చూశాడు. ఎవరి ఇళ్లలోనో విన్న మాట నోటికొచ్చింది. "సుబం, సుబం!" అన్నాడు. పైగా నవ్వాడు కూడా.

ఆడవాళ్లందరూ పోతమ్మ వంక చూశారు. పోతమ్మ లేచి, పరిచిన గోనె మడిచి, మూట నెత్తికెత్తుకుంది. తలుపు దాటి వానలోకి నడిచింది. ఆమె వెనక ఒక్కో గడపే లేచింది. పిల్లలు వెనక్కి తిరిగి గుండిగ వంక చూస్తూ చూస్తూ వెళ్లారు. కోళ్లు కూడా వెళ్లాయి.

జోజి గరిట పట్టుకుని ఒక్కడూ మిగిలాడు.

"ఏటయింది?" అంటూ బయటికి పరిగెత్తాడు. అందరూ గేటు పక్కన చింతచెట్టు కింద గుమిగూడి ఉన్నారు. చెట్టు వాన కన్నా ఎక్కువ కురుస్తోంది.

"బావా, నువ్వు పాలు పొంగించీసావు" అన్నాడు పోలిరాజు నెమ్మదిగా, జబ్బు కబురు చెప్పినట్టు.

"పొంగిత్తే?"

"కొత్త కొంపలో మొదటి పొయ్యి మీద పాలు పొంగితే ఆ కొంప మనదైపోద్ది. పాతదానికి నీళ్లొదులుకున్నట్టే. మేం రెండ్రోజులు తలదాసుకుందామని ఒచ్చాం. కాపరానికి రానేదు."

పోతమ్మ అందుకుంది. "మా అమ్మోళ్లనీ ఇలాగే గెడ్డవతల కాలనీకి పంపారు, నాను సిన్నగున్నప్పుడు. వారం రోజులన్నారు. మా అమ్మ ఊరుకోకుండా పాలు పొంగించింది. వారం ఎన్నాళ్లయిందో తెల్సా జోజన్నా? మా అమ్మ అక్కడే సచ్చిపోనాది. మల్లీ ఒడ్డుకి రానేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "నాను గాజువాక అన్నా ఎల్తాను. అక్కడ ఎవులూ పొంగించరు. ఇక్కడుంటే నా ఒడ్డు నాకు పోద్ది."

"గాజువాకెల్తే పడవ పోద్ది" అన్నాడు పోలిరాజు.

"పడవ పోతే ఇంకోటి కడతాం. ఒడ్డెవడు కడతాడు?"

సూర్యకాంతమ్మ బిడ్డ మీద కొంగు కప్పుతూ గొణిగింది. "అత్తా, పొడిపాలు పాలేటి? ఆవు నేదు, గేదె నేదు. సంచీలోంచి ఒచ్చినాయి."

"తెల్లగున్నాయా?"

"తెల్లగున్నాయి."

"పొంగినాయా?"

"పొంగినాయి."

"మరింకేటి?"

"ఏ పక్కకి పొంగినాయో?" అన్నాడు వెనకనుంచి ఒక ముసలాయన ఆశగా.

"తూరుపుకే" అన్నారు నలుగురు ఒక్కసారి. ముసలాయన తల వంచుకున్నాడు. అంతకన్నా బాగా పొంగించడం ఎవరి తరమూ కాదు.

జోజి గరిటతోనే ముందుకొచ్చాడు. "ఆ పాలు పారబోసి, నేల కడిగీసి, మల్లీ పడమటేపు పొంగించీనా?" అన్నాడు.

"కట్టిన తాళి ఎనక్కి తిప్పి కడితే పెల్లి పోద్దేటి?" అంది పోతమ్మ. ఏడుపు మధ్యలో ఎవరో కిసుక్కున నవ్వారు.

అప్పుడే లారీ మెట్ట ఎక్కి వచ్చి ఆగింది. గంగాధరరావు దిగి, చెట్టు కింద జనాన్ని చూసి, నెత్తి పట్టుకున్నాడు.

"ఏమయ్యా, కప్పు ఉంటే చెట్టు కింద కూచున్నారేమిటి? ఉంటారా, ఎక్కుతారా?"

"ఒక్క బీడీ కాల్చేంతసేపు ఆగు బాబూ" అని పోలిరాజు హాలు మెట్టు మీద కూర్చున్నాడు. వాళ్లలో ఏ తగువైనా పెద్ద కూర్చుంటే మొదలవుతుంది, లేస్తే ముగుస్తుంది. మధ్యలో ఎవరైనా మాట్లాడొచ్చు. గంగాధరరావుకి ఆ సంగతి తెలుసు కాబోలు, గడియారం చూసుకుని లారీ మెట్టు మీద తనూ కూర్చున్నాడు.

"పొయ్యి ఎవులేసారు?" అని అడిగాడు పోలిరాజు.

"జోజి" అన్నారు.

"గుండిగ ఎవులెట్టారు?"

"జోజే."

"పొడి ఎవులు కలిపారు? మంటెవులెట్టారు? సుబం అన్నదెవులు?"

"జోజి, జోజి, జోజి" అన్నారు పిల్లలు పాటలాగ.

"మనోల్ల సెయ్యి ఎక్కడన్నా తగిలిందా?"

సూర్యకాంతమ్మ భయపడుతూ ముందుకొచ్చింది. "మావా, సితుకులు నానే తెచ్చాను."

అందరి ప్రాణం ఉసూరుమంది. పోలిరాజు బీడీ వెలిగించబోయి ఆగాడు.

"పొయ్యిలో ఎట్టావా, కింద ఎట్టావా?"

"కిందే ఎట్టాను. జోజి మావ తీసి ఏసుకున్నాడు."

"ఐతే నీది కాదు" అన్నాడు పోలిరాజు. "అడవిలో కట్టెలు చెట్టు ఇచ్చింది గదాని ఇల్లు చెట్టుది కాదు. పాలు ఎవులు పొంగిత్తే ఇల్లు ఆల్దే. ఈ ఇల్లు జోజిది. మనకేటీ సమ్మందం నేదు."

జోజి కంగారుపడ్డాడు. "నాదెలాగవుద్ది? సంగంది."

"మీ సంగం మాట మీ సంగంలో సెప్పుకో. మా తగువులో ఇది నీది."

పోతమ్మ ఇంకా ఒప్పుకోలేదు. మూట దించకుండానే జోజి ఎదురుగా వచ్చి నిలబడింది. "నిజం సెప్పు జోజన్నా. ఇదివరకు నువ్వెక్కడన్నా పాలు పొంగించావా? నీకింకో ఇల్లుంటే ఈ లెక్క సెల్లదు."

జోజి వెనక్కి తిరిగి తన బతుకంతా చూసుకున్నాడు. చిన్నప్పుడు బోర్డింగు హాస్టలు. తర్వాత పోర్టు ఖలాసీల లైను, ఒక గదిలో ఎనిమిది మంది. పెళ్లయ్యాక అత్తవారి వీధి అరుగు, దానికి గోనెపట్టా అడ్డం. తర్వాత అద్దె గది, అక్కడ ఎప్పుడో ఇంటివాళ్లే పొంగించుకున్నారు. తర్వాత ఇది. మనకంటూ ఒక పొయ్యి ఎప్పుడు ముట్టిస్తామని దీవెనమ్మ అడుగుతూనే పోయింది.

"నేదు" అన్నాడు.

"అరవై దాటీసినా?"

"కుదర్నేదు."

పోతమ్మ మూట దించింది.

"సరే. ఐతే ఇది నీ గురుప్రవేశం. మేం సుట్టాలం. సుట్టాలెన్నాళ్లున్నా ఇల్లు సుట్టాలది అయిపోదు." పోలిరాజు మెట్టు మీదనుంచి లేచాడు. అందరూ కదలబోయారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండర్రా! పిలవని గురుప్రవేశానికి ఎల్తారేటి? సిగ్గు నేదూ? జోజన్నా, పిలు. ఒక్కో గడపా పేరెట్టి పిలు."

యాభై మంది ఎదుట నిలబడి అతను ఎన్నడూ మాట్లాడలేదు. సంఘంలో సాక్ష్యం చెప్పమంటేనే వెనక బెంచీకి పోయేవాడు. గంగాధరరావు కూడా పెన్ను తీసి ఎదురు చూస్తున్నాడు.

అతను గుమ్మం ఎక్కి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"పోలిరాజు బావా" అన్నాడు. గొంతు వానలో కలిసిపోయింది. పోర్టులో ఓడ మీదివాళ్లకి వినబడేలా కేకేసే గొంతు ఒకప్పుడు ఉండేది. దాన్ని వెతికి పట్టుకుని మళ్లీ పిలిచాడు. "పోలిరాజు బావా! పోతమ్మా! నాను ఇంట్లోకి దిగాను. మీరంతా రావాలి."

"ఒత్తన్నాం!" అంది పోతమ్మ, పండక్కి పిలిచినట్టు.

తర్వాత గడపలన్నీ ఒక్కొక్కటే. పేరు తెలియనిచోట సూర్యకాంతమ్మ వెనకనుంచి అందించింది. వీరన్న పడవ దగ్గర ఉన్నాడు గనక అతని పెళ్లాన్ని పిలిచి, "ఆడికి కూడా సెప్పమ్మా" అన్నాడు జోజి. ఎనిమిదో గడప దగ్గరికి వచ్చేసరికి అతనికి సిగ్గు పోయింది. పదో గడప దగ్గర, "సెవుడేటి, పిలుత్తంటే?" అని హాస్యం కూడా ఆడాడు.

గంగాధరరావు కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఎక్కడ ఉంటున్నారని రాయను?"

"జోజింట్లో!" అన్నారు అందరూ.

సంఘం హాలని రాయండి బాబూ అనబోయి, జోజి ఊరుకున్నాడు. ఖాళీ లారీ మెట్ట దిగి వెళ్లిపోయింది.

గుమ్మం దగ్గర ఒక బాల్చీ నీళ్లు, చెంబు పెట్టుకుని జోజి నిలబడ్డాడు. ఇంటికొచ్చినవాళ్ల కాళ్లకి నీళ్లివ్వాలన్నది ఎవరూ చెప్పక్కర్లేదు. అందరి కాళ్లకీ పిక్కల దాకా బురద. ఒక్కొక్కరికీ వంగి పోశాడు. వద్దు బావా, మేం పోసుకుంటాం అన్నవాళ్లకి కూడా పోశాడు. పోతమ్మ లోపలికి అడుగు పెడుతూ కొంగు ముడి విప్పి, తడవకుండా దాచుకున్న నాలుగు ఎండు నెత్తళ్ల చేపలు అతని చేతిలో పెట్టింది.

"సదివింపులు" అంది. "నవ్వావంటే సంపేత్తాను."

ఆఖరున సూర్యకాంతమ్మ వచ్చింది. బిడ్డ మేలుకుని ఉంది. నేల ఎరగని కాళ్లు దానివి, బురద అంటనే లేదు. అయినా జోజి చెంబు వంచి రెండు చుక్కలు ఆ పాదాల మీద వేశాడు. చల్లగా తగిలేసరికి బిడ్డ అతని ముంజేతిని ఒక్క తన్ను తన్నింది.

"బలం ఉంది" అన్నాడు జోజి.

లోపలనుంచి పోతమ్మ కేక వినిపించింది. "ఏటి జోజన్నా, ఇంటాయన గుమ్మంలో నిలబడితే వడ్డనెవులు సేత్తారు? అడుగంటించీసావు గానీ, పిల్లలు తాగుతారులే. బేగి రా!"

"ఒత్తన్నాను, ఒత్తన్నాను" అన్నాడు జోజి, తడిచేతులు పంచెకి తుడుచుకుంటూ.